వేగంగా పోయే ఖరీదైన ఎస్‌యూవీల్లో కుదుపు, సీటు సుఖం: బరంపురం, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం వైపు నుంచి పెద్ద ఇంజను ఎస్‌యూవీ కొనాలనుకునేవాళ్లకి ఒకే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇంజను గురించి అడిగేవాళ్లు తక్కువ. నడుము గురించి, వెనక సీట్లో కూర్చునే అమ్మానాన్నల గురించి, గుంతల గురించి అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకి జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## బండి ఎంచుకునే ముందు

ఇంత డబ్బు పోసి కొంటున్నాం, మెత్తగా ఉండదా? కుదుపు ఎందుకు ఉంటుంది?

ధర పెరిగిన కొద్దీ మెత్తదనం పెరగదు. ఒక దశ దాటాక తగ్గడం కూడా మామూలే. హైబ్రిడ్ కాని లాంబోర్గిని ఉరుస్‌ని చూడండి. బరువు సుమారు 2,200 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 305 కి.మీ. బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం బరువైతే 2,700 కిలోల దగ్గర ఉంటుంది. ఇంత బరువు, ఇంత ఎత్తు ఉన్న బండి ఆ వేగంలో మలుపు తిరిగినప్పుడు పక్కకి ఒరగకూడదంటే స్ప్రింగులు బిగించాలి, యాంటీ రోల్ బార్లు (బండి ఒరగకుండా ఎడమ కుడి చక్రాలని కలిపే ఉక్కు కడ్డీలు) లావు చెయ్యాలి, వెడల్పాటి పలచటి టైర్లు వెయ్యాలి. ఈ మూడూ కుదుపుని పెంచేవే. మంచి కంపెనీలు ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగు బదులు గాలి తిత్తి), ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్లు) పెట్టి మెత్తదనాన్ని కొంత వెనక్కి తెస్తాయి కానీ మొత్తం తేలేవు. అదే మోడల్లో మామూలు ఇంజను ఉన్న రకం చాలాసార్లు ఎక్కువ సుఖంగా ఉంటుంది. మీరు ఎక్కువగా తిరిగేది కుటుంబంతో అయితే ముందు దాన్ని నడిపి చూసి, తర్వాత పెద్ద ఇంజనుది నడపండి.

22, 23 అంగుళాల చక్రాలు చూడ్డానికి బాగుంటాయి. తీసుకుంటే ఏమవుతుంది?

రిమ్ము పెరిగితే టైరు గోడ ఎత్తు తగ్గుతుంది. గుంత అంచు తగిలినప్పుడు మొదట నలిగేది, దెబ్బని మొదట మింగేది ఆ గోడే. టైరు మీద రాసి ఉన్న అంకెలతో మీరే లెక్క వేసుకోవచ్చు. 275/50 ఆర్20 అంటే వెడల్పు 275 మి.మీ., గోడ ఎత్తు అందులో 50 శాతం, అంటే 137 మి.మీ., రిమ్ము 20 అంగుళాలు. దాదాపు అదే చుట్టుకొలతకి 275/40 ఆర్22 వేస్తే గోడ 110 మి.మీ.కి దిగిపోతుంది. బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం వెనక టైరు 315/30 ఆర్22, దాని గోడ 94 మి.మీ. మాత్రమే. ఉరుస్‌కి 21 అంగుళాల ముందు టైరు 285/45, గోడ 128 మి.మీ. అదే బండికి 23 అంగుళాల సెట్టు తీసుకుంటే వెనక 325/30, గోడ 97 మి.మీ.

రెండో నష్టం బరువు. పెద్ద రిమ్ము, వెడల్పు టైరు కలిసి చక్రం బరువెక్కుతుంది. బరువైన చక్రం గుంతలో పడి లేచాక తొందరగా కుదురుకోదు. ఆ అదురు స్టీరింగ్‌లో, నేల మీద పెట్టిన పాదాల్లో తెలుస్తుంది.

ఈ పేజీలో ఒక్క సలహానే పాటించగలిగితే ఇది పాటించండి: ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చే వాటిలో చిన్న చక్రమే తీసుకోండి. తప్తపాణి ఘాటు మీద, రాయగడ లోపలి రోడ్ల మీద మిగతా ఏ ఆప్షనూ మీకు అంత సుఖం ఇవ్వదు.

ఎయిర్ సస్పెన్షన్ ఉంటే మెత్తగా ఉన్నట్టేనా?

సగం వరకే. ఉక్కు స్ప్రింగు బదులు రబ్బరు తిత్తిలో గాలి ఉంటుంది. ఐదుగురు ఎక్కి డిక్కీ నింపినా తిత్తిలో ఒత్తిడి పెంచుకుని బండి అదే ఎత్తులో నిలబడుతుంది. అందుకే బరువు మారినా ఊగే తీరు పెద్దగా మారదు. రెండు మూడు గదులున్న తిత్తి అయితే ఒక గదిని మూసేసి గట్టిగానూ, తెరిచి మెత్తగానూ మార్చుకోగలదు. 2017 నుంచి వచ్చిన పోర్షే కయెన్‌లో మూడు గదుల తిత్తి ఉండేది. 2023లో మార్పులు చేసినప్పుడు రెండు గదుల తిత్తి, రెండు వాల్వుల డ్యాంపర్లు పెట్టారు. దిగేటప్పుడు, లేచేటప్పుడు వేరువేరుగా అదుపు చేయగలగడం ఆ రెండు వాల్వుల లాభం.

ఇదంతా పెద్ద అలల్లాంటి ఎత్తుపల్లాలకి. బండి దేహం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. గాలి తిత్తి మచ్చిక చేసేది ఆ ఊపుని. చక్రం మాత్రం సెకనుకు 10 నుంచి 15 సార్లు అదురుతుంది. ఆ అదురు టైరు గోడ, డ్యాంపరు, చక్రం బరువుల మీద ఆధారపడుతుంది. కాబట్టి ఎయిర్ సస్పెన్షన్‌తో 23 అంగుళాల చక్రాలున్న బండి హైవే మీద తేలిపోతున్నట్టు ఉండి, ఊళ్లో చిన్న గతుకుకి కూడా టప్పుమంటుంది.

48 వోల్టుల యాక్టివ్ రోల్ సిస్టం అంటున్నారు. మనకి పనికొస్తుందా?

పనికొస్తుంది. వేగం కంటే సుఖానికే ఎక్కువ. మామూలు యాంటీ రోల్ బారు ఎడమ కుడి చక్రాలని కలిపే ఉక్కు కడ్డీ. మలుపులో బండి ఒరగకుండా పట్టుకుంటుంది. కానీ తిన్నగా పోతున్నప్పుడు ఎడమ చక్రం గుంతలో పడితే కుడి వైపునీ లాగుతుంది. కూర్చున్నవాళ్ల తలలు ఎడమకీ కుడికీ కొట్టుకుంటాయి. కడ్డీ మధ్యలో మోటారు పెట్టి, తిన్నటి రోడ్డు మీద రెండు వైపులనీ విడదీసి, మలుపు రాగానే బిగించేదే ఈ పద్ధతి. బెంట్లీ బెంటెయ్‌గా దీన్ని ముందుగా తెచ్చింది. ఆడి ఆర్‌ఎస్ క్యూ8, ఉరుస్, కయెన్‌లలోనూ ఈ తరహాది ఉంది, కొన్నిట్లో ఆప్షన్‌గా. ఒక పక్క తారు అరిగిపోయి అంచులు తేలిన రోడ్ల మీద ఈ తేడా వెనక సీట్లో బాగా తెలుస్తుంది.

ఏ బండికి ఏ సస్పెన్షన్ ఉందో క్లుప్తంగా చెప్పండి.

సుఖం వైపు నుంచి చూస్తే ఇలా ఉంటుంది. మామూలు బీఎండబ్ల్యూ ఎక్స్5లో ఎయిర్ సస్పెన్షన్ దొరుకుతుంది, ఎక్స్5 ఎంలో దొరకదు. దానికి ఉక్కు స్ప్రింగులు, ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు. కుదుపు స్పష్టంగా ఎక్కువ. ఉరుస్‌కి ఎయిర్ సస్పెన్షన్ ఉంది. పెర్ఫార్మాంటే రకానికి మాత్రం ఉక్కు స్ప్రింగులు పెట్టి 20 మి.మీ. కిందకి దించారు, మన రోడ్లకి అది తగదు. ఆస్టన్ మార్టిన్ డీబీఎక్స్707కి మూడు గదుల తిత్తులు, 22 అంగుళాల చక్రాలు. రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీలో నాలుగు డ్యాంపర్లనీ నూనె గొట్టాలతో ఒకదానికొకటి కలిపి, మామూలు యాంటీ రోల్ బార్లే తీసేశారు. తల ఊగడం తగ్గించడానికి ఇది చాలా తెలివైన దారి. ఫెరారీ పురోసాంగ్వేలో ప్రతి డ్యాంపరుకీ 48 వోల్టుల మోటారు ఉండి అదే చక్రాన్ని పైకీ కిందకీ తోస్తుంది. కానీ అందులో సీట్లు నాలుగే.

జీ వేగన్ (మెర్సిడెస్ జీ క్లాస్) ఎత్తుగా, దృఢంగా ఉంటుంది కదా. గుంతల్లో అదే సుఖం కాదా?

దృఢత్వం వేరు, సుఖం వేరు. మెర్సిడెస్ ఏఎంజీ జీ 63 లారీలకి ఉండేలాంటి నిచ్చెన ఆకారపు ఉక్కు ఫ్రేము మీద కట్టిన బండి. 2018 నుంచి ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి కానీ వెనక ఒకే ఇరుసు. ఒక వెనక చక్రం రాయెక్కితే ఇరుసంతా వంగి రెండో వైపూ కదులుతుంది. గుంతకి భయపడనక్కర్లేదు, విరిగేది తక్కువ. వెనక సీట్లో పక్కకి తోసే ఊపు మాత్రం కయెన్ కంటే, రేంజ్ రోవర్ స్పోర్ట్ కంటే ఎక్కువ.

## షోరూములో సీటు చూసేటప్పుడు

సీటు ఎక్కగానే మెత్తగా దిగిపోతే మంచిదేనా?

సోఫాలా దిగిపోయే సీటు మొదటి ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది. గంటన్నర తర్వాత పిరుదుల ఎముకలు కింద గట్టి పొర దాకా దిగి, నడుము వంగి, నొప్పి మొదలవుతుంది. బరంపురం నుంచి విశాఖ సుమారు 260 కి.మీ. ఆ దారికి కొంచెం గట్టిగా ఉండి, తొడల దాకా బరువుని సమంగా పంచే సీటే మేలు. చెయ్యి పిడికిలి చేసి సీటు మధ్య గట్టిగా నొక్కండి. మొదట మెత్తగా ఉండి తర్వాత అంచెలంచెలుగా ఎదురు తిరగాలి. ఒక్కసారిగా బల్ల తగిలినట్టు ఆగిపోతే ఆ నురుగు పలచన.

నా ఒంటికి సరిపోయే సీటో కాదో ఎలా తెలుస్తుంది?

పది నిమిషాలు కదలకుండా కూర్చోండి, అమ్మే అబ్బాయి మాటలు ఆపమని చెప్పండి. ముందు పిరుదులని సీటు మూలలోకి పూర్తిగా తొయ్యండి. సీటు ముందు అంచుకీ మోకాలి వెనక గుంటకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సందే లేకపోతే అంచు రక్తనాళాలని నొక్కి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పొట్టివాళ్లకి, మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకి ఇదే ఇబ్బంది. జానెడు సందు ఉంటే తొడకి ఆసరా లేదని అర్థం, పొడవుగా ఉన్నవాళ్లు సీటు ముందుభాగం ముందుకి జరిగే రకం అడగాలి.

సీటు వీపు (మనం ఆనుకునే భాగం) నిటారుకి కొంచెం వెనక్కి, సీటుతో 100 నుంచి 110 డిగ్రీల కోణంలో ఉంటే వెన్ను మీద భారం తగ్గుతుంది. నడుము ఆసరా బెల్టు పెట్టుకునే చోట ఉబ్బాలి. కొన్ని సీట్లలో అది లోపలికీ బయటికీ మాత్రమే కదులుతుంది, పైకీ కిందకీ కదలదు. ఉబ్బు పక్కటెముకల దగ్గర తగిలితే ఆ సీటు మీది కాదు. చివరగా మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనేలా చెయ్యి చాచండి. భుజం సీటు వదిలి లేవకూడదు.

స్పోర్ట్స్ సీట్లు అదనపు డబ్బు పెట్టి తీసుకోవాలా?

నడిపేది మీరే, ఒళ్లు సన్నం, ఘాటు రోడ్డు ఇష్టం అయితే తీసుకోండి. మలుపుల్లో సీటు పక్కల ఉబ్బెత్తుగా ఉండే దిమ్మెలు ఒంటిని పట్టుకుంటే కండరాలు అలిసిపోవు. లావుగా ఉన్నవాళ్లకి మాత్రం ఆ దిమ్మెలే తొడలని, పక్కటెముకలని గంటల తరబడి నొక్కుతాయి. దిమ్మెల వెడల్పు మోటారుతో మార్చుకునే సీటు ఉంటే వాదనే ఉండదు. తల ఆసరా సీటు వీపుతో కలిసిపోయిన సీట్లలో ఆసరా ఎత్తు మారదు, మీ తల దానికి సరిగ్గా ఆనుతుందో లేదో చూసుకోండి.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఏ బండి ఎక్కడం దిగడం సులువు?

ఎక్కడం కష్టమా దిగడం కష్టమా అని ముందు ఆవిడనే అడగండి. బండి ఎత్తుగా ఉంటే ఎక్కడం కష్టం. సీటు మరీ కిందకి ఉంటే అందులోంచి లేవడం కష్టం. నిలబడి ఉన్న మనిషి పిరుదుల ఎత్తుకి సీటు ఎత్తు దగ్గరగా ఉంటే వెనక్కి వాలి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. ఎయిర్ సస్పెన్షన్ బండ్లు చాలావాటికి ఎక్కేటప్పుడు కిందకి దిగే ఏర్పాటు ఉంది. రేంజ్ రోవర్‌లు సుమారు 50 మి.మీ. దిగుతాయి. డోరు కింద ఉండే గుమ్మం పట్టీ వెడల్పు కూడా చూడండి. పట్టీ వెడల్పుగా ఉంటే కాలు దూరంగా చాచాలి, చీర అంచుకి అక్కడి బురద అంటుతుంది. పక్కన మెట్టు అమర్చిస్తే ఎక్కడం తేలికే కానీ దిగేటప్పుడు పిక్కకి తగులుతుంది, ఆవిడ చేత రెండుసార్లు దిగించి చూడండి. డోరు పూర్తిగా తెరిచినప్పుడు పైన పట్టుకునే పిడి ఆవిడ చేతికి అందాలి.

పట్టుచీరతో కూర్చుంటే లెదర్ సీటు మీద జారిపోతున్నాం అంటున్నారు ఇంట్లో. ఏం చెయ్యాలి?

నున్నటి లెదర్ మీద పట్టు జారుతుంది. బరంపురం పట్టు కట్టుకుని పెళ్లికి పోతున్నప్పుడు ప్రతి బ్రేకుకీ ముందుకి జారడం, కాళ్లతో నేలని తన్నిపట్టి కూర్చోవడం, దిగేసరికి నడుము నొప్పి. చిల్లులున్న లెదర్ కొంత నయం. సీటు మధ్యభాగంలో మైక్రోఫైబర్ వేసిన సీట్లు జారవు కానీ గరుకుగా ఉండి జరీ పోగుని పట్టి లాగే ప్రమాదం ఉంది. మంచి ఉపాయం సీటు ముందు అంచుని రెండు మూడు డిగ్రీలు పైకెత్తడం. వెనక సీటుకి ఆ సౌకర్యం లేకపోతే సీటు వీపుని ఒక మెట్టు వెనక్కి వాల్చి, పలచటి నూలు దుప్పటిని దాని మీంచి సీటు ముందు అంచు దాకా పరిచి వెనక సందులోకి దోపండి. సీటు పక్క నుంచి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటుని మాత్రం కప్పకండి.

వెంటిలేటెడ్ సీటు, మసాజ్ రెండిట్లో ఏది ముఖ్యం?

గంజాం తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోత తెలిసినవాళ్లు వెంటిలేషనే ఎంచుకోవాలి. వీపు తడిస్తే ఎంత మంచి సీటైనా అసౌకర్యమే. మసాజ్ మంచిదే, కండరం ఒకే స్థితిలో బిగుసుకుపోకుండా చూస్తుంది. కానీ సరిపోని సీటుని అది సరిచెయ్యదు.

వెనక సీట్లో దేన్ని చూడాలి?

మోకాలి ముందు చోటు కంటే పాదాలకీ సీటుకీ మధ్య ఎత్తు చూడండి. నేల ఎత్తుగా, సీటు కిందకి ఉంటే మోకాళ్లు పైకి లేచి తొడలు గాల్లో ఉంటాయి. బరువంతా తుంటి మీద పడుతుంది. హైబ్రిడ్ బండ్లలో కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. పెద్దవాళ్లు వెనక సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు ఉన్నవాళ్లయితే రెండు విడి సీట్ల రకం వద్దు, పక్క దిమ్మెలు మోకాళ్లకి అడ్డం. కదలికే లేని సీటు వీపు కంటే కొన్ని డిగ్రీలైనా వాలేది మేలు. బెంటెయ్‌గా పొడవాటి రకంలో వెనక సీటుని 22 విధాలుగా సర్దుకోవచ్చు, డ్రైవరు నడుపుతుంటే వెనక కూర్చునేవాళ్లకి అంతకంటే కావాల్సింది లేదు.

## టెస్ట్ డ్రైవ్

విశాఖలోనో భువనేశ్వర్లోనో నున్నటి రోడ్డు మీద నడిపి మన రోడ్డు సంగతి ఎలా తేల్చుకోవడం?

మొదట డెమో బండి టైరు మీద అంకెలు చదవండి. మీరు బుక్ చేయబోయే రకానికి 21 ఉండి డెమోకి 23 ఉంటే, లేదా తిరగబడి ఉంటే, ఆ నడక మీకు ఏమీ చెప్పదు. టైర్లలో గాలి కొలిపించండి. ఎన్నాళ్లో నిలబడిన బండిలో గాలి తక్కువ ఉండి మోసపూరితంగా మెత్తగా అనిపించవచ్చు.

తర్వాత నాలుగు రకాల దారి కావాలని ముందే చెప్పండి: అతుకులున్న సందు, స్పీడ్ బ్రేకర్లు, వంతెన అతుకులు, రైల్వే గేటు దగ్గరో కూడలి ముందో వేసే వరస పట్టీలు. ఆ పట్టీలు చాలా విషయం చెబుతాయి. పట్టీకీ పట్టీకీ మీటరు దూరం ఉంటే, గంటకు 20 కి.మీ. వేగంలో సెకనుకు ఐదున్నర దెబ్బలు. మనిషి ఒళ్లు నిలువు కుదుపుని ఎక్కువగా పట్టించుకునేది సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య. అదే పట్టీల మీద 40 కి.మీ. వేగంలో పోతే సెకనుకు 11 దెబ్బలు, చక్రం సొంతంగా అదిరే చోటు. మొదటి వేగంలో సీటునీ, రెండో వేగంలో చక్రాన్నీ డ్యాంపరునీ పరీక్షించినట్టు. సిమెంటు రోడ్డు దొరికితే గంటకు 100 దగ్గర ఒక కిలోమీటరు పొండి. నాలుగున్నర మీటర్లకో అతుకు ఉంటే సెకనుకు ఆరు దెబ్బలు తగులుతాయి.

సగం దారి మీరు నడపండి, సగం దారి వెనక సీట్లో కూర్చోండి. చాలామంది ఈ రెండోది చెయ్యరు. వెనక ఇరుసుకి దగ్గరగా కూర్చునేవాళ్లకి కుదుపు ముందు సీటు కంటే ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. రెండు బండ్లు పోల్చాలంటే ఒకే రోజు, అదే దారిలో నడపండి. వారం గడిస్తే ఒళ్లు మరిచిపోతుంది.

ఫోనుతో కుదుపు కొలవొచ్చా?

రెండు బండ్లని పోల్చడానికి కొలవొచ్చు. కదలికని నమోదు చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఫోనుని ముందు సీట్ల మధ్య గట్టి చోట వెల్లకిలా పెట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో కదలకుండా అతికించండి. సీటు మీద పెట్టకండి, నురుగు మీద ఫోను ఎగిరి తప్పుడు అంకె ఇస్తుంది. ఒకే కిలోమీటరు, గంటకు 40 కి.మీ. స్థిరమైన వేగం, మూడుసార్లు. నిలువు దిశలో వచ్చిన త్వరణం (వేగం ఎంత తొందరగా మారుతోందో చెప్పే అంకె) ఆర్‌ఎంఎస్ సగటు చూడండి. ఒంటికి తగిలే కుదుపుని కొలిచే ఐఎస్ఓ 2631 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0.315 మీటర్లు/సెకను² లోపు ఇబ్బంది లేనిది, 0.63 దాకా కొంచెం ఇబ్బంది, 0.8 దాటితే ఇబ్బంది. కానీ ఆ అంకెలు ఒంటి స్పందనకి తగ్గట్టు సవరించి, సీటు మీద ప్రత్యేక పరికరంతో తీసినవి. మీ ఫోను అంకెని వాటితో పోల్చకండి. ఈ బండి 0.9, ఆ బండి 0.7 అని తేలితే ఆ తేడా వరకే నమ్మండి.

కంఫర్ట్ మోడ్‌లో పెడితే హైవే మీద పడవలా ఊగుతోంది. లోపమా?

లోపం కాదు. కంఫర్ట్‌లో డ్యాంపరు వదులుగా ఉంటుంది కాబట్టి పొడుగాటి ఎత్తుపల్లాల మీద బండి లేచి దిగి మళ్లీ ఒకసారి ఊగుతుంది. జాతీయ రహదారి 16 మీద గంటకు 90, 100 వేగంలో ఆటో లేదా నార్మల్ పెడితే ఒక్క ఊపులో కుదురుకుంటుంది. ఊళ్లో, పల్లె రోడ్డు మీద కంఫర్ట్ వాడండి. మోడ్‌ని విడివిడిగా సర్దుకునే సౌకర్యం ఉంటే సస్పెన్షన్, యాక్సిలరేటర్ రెండూ మెత్తటి వైపు పెట్టి, స్టీరింగ్ మీ ఇష్టం.

సుంకి ఘాటు ఎక్కేసరికి పిల్లలకి వాంతులు. బండి మారిస్తే తగ్గుతాయా?

కొంత తగ్గుతాయి. కడుపులో తిప్పేది చిన్న కుదుపు కాదు, ఐదు సెకన్లకో ఊపు చొప్పున వచ్చే నెమ్మదైన కదలిక. సాలూరు దాటి పొట్టంగి వైపు ఎక్కే మలుపులు సరిగ్గా అలాంటి ఊపునే ఇస్తాయి. ఒరుగు తక్కువ ఉన్న బండి సాయం చేస్తుంది. అంతకంటే ఎక్కువ సాయం చేసేది నడిపే తీరు. మలుపుకి ముందే బ్రేకు వేసి, మలుపులో ఒకే వేగం పట్టి, బయటికి వచ్చాక మెల్లగా యాక్సిలరేటర్ నొక్కాలి. 600 గుర్రాల శక్తి ఉన్న బండిలో కుడికాలు కొంచెం కదిలినా వెనక తలలు ఊగుతాయి. స్పోర్ట్ మోడ్ ఇక్కడ వద్దు. పిల్లలకి ముందు అద్దం కనిపించేలా సీటు ఎత్తండి, ఫోను చూడనివ్వకండి.

## వాడుతున్నప్పుడు

టైర్లలో గాలి ఎంత పెట్టాలి? పంచరు షాపులో ఎక్కువ పెడితే టైరు మన్నుతుంది అంటున్నారు.

డ్రైవరు డోరు పక్కన స్తంభం మీద అంటించిన పట్టికలో ఉన్నంతే. అందులో తక్కువ బరువుకీ నిండు బరువుకీ వేరువేరు అంకెలు ఉంటాయి. ఇద్దరు ముగ్గురు తిరిగే రోజుల్లో తక్కువ బరువు అంకె చాలు, కుదుపు వెంటనే తగ్గుతుంది. 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన చోట 42 పెడితే టైరు దాదాపు ఏడో వంతు గట్టిపడుతుంది, మధ్యలో అరుగుతుంది. అలాగని మెత్తదనం కోసం పట్టిక కంటే తగ్గిస్తే పలచటి గోడ గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, గోడ మీద బుడిపె లేస్తుంది. ఆ టైరుకి మరమ్మతు లేదు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. డిసెంబరు మధ్యాహ్నం బరంపురంలో 28 డిగ్రీల దగ్గర 36 పెట్టి కోరాపుట్ వెళ్లి, మర్నాడు 8 డిగ్రీల చలిలో కొలిస్తే సుమారు 34 చూపిస్తుంది. చలికి మూడున్నర దాకా తగ్గుతుంది, కొండ ఎత్తు వల్ల ఒకటిన్నర తిరిగి వస్తుంది. కంగారు పడనక్కర్లేదు. పరుగు మీద వేడెక్కి 40 చూపించిందని గాలి తీసెయ్యడమే తప్పు.

స్పీడ్ బ్రేకర్లకి కింద తగలకుండా ఎప్పుడూ పైకెత్తే నడపొచ్చా?

వద్దు. ఉరుస్ నేల ఎత్తు 158 నుంచి 248 మి.మీ. దాకా మారుతుంది. పైమెట్టులో పెడితే చక్రం కిందకి సాగే చోటు తగ్గిపోతుంది. గుంత మీదుగా పోయినప్పుడు డ్యాంపరు చివరిదాకా సాగి ఠక్కుమని కొడుతుంది. గుంతలో ఎక్కువ కుదిపేది ఆ స్థితే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకరు 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, గంటకు 25 కి.మీ. వేగంలో దాటేలా ఉంటుంది. దానికి మామూలు ఎత్తు చాలు. ఊళ్లలో వేసిన నిటారు దిబ్బలకి మాత్రం ఎత్తి, నడక వేగంలో దాటి, దాటగానే దించండి.

కొన్నప్పుడు మెత్తగా ఉండేది, మూడేళ్లకి గట్టిగా అనిపిస్తోంది. ఏమైంది?

ముందు టైర్ల వయసు చూడండి. గోడ మీద నాలుగు అంకెల ముద్రలో 2321 అంటే 2021లో 23వ వారం. రబ్బరు ఎండలో గట్టిపడుతుంది, రోడ్డుని తాకే రబ్బరు పొర అరిగితే దెబ్బ మింగే మందం తగ్గుతుంది. కొత్త టైర్లు మారిస్తే బండికి కంపెనీ ఆమోదించిన గుర్తు ఉన్నవే వేయించారా? బీఎండబ్ల్యూకి నక్షత్రం, పోర్షేకి ఎన్0, ఎన్1 లాంటివి, మెర్సిడెస్‌కి ఎంఓ. అదే పేరు, అదే కొలత అయినా గుర్తు లేని టైరు గోడ గట్టిదనం వేరుగా ఉండొచ్చు. అది కూడా సరిగ్గా ఉంటే డ్యాంపరు నూనె కారిందేమో, చక్రాన్ని బండికి కలిపే కంట్రోల్ ఆర్మ్ కీలులోని బుష్ రబ్బరు చీలిందేమో లిఫ్టు మీద చూపించండి. 15 కి.మీ. వేగంలో గతుకుకి టక్ టక్ మంటే బుష్‌ని ముందు అనుమానించాలి.

బండి రెండు మూడు వారాలు షెడ్డులో ఉండి తీసిన రోజు మాత్రమే స్టీరింగ్ అదిరితే టైరు అడుగు చదును పడింది. పది పదిహేను కిలోమీటర్లు పోయి వేడెక్కాక దానంతటదే పోతుంది.

పెద్ద చక్రాలు తీసేసి చిన్నవి వేయించొచ్చా?

అదే మోడల్‌కి కంపెనీ ఇచ్చిన చిన్న కొలత ఉంటే వేయించొచ్చు, సుఖానికి ఇంతకంటే మంచి ఖర్చు లేదు. అంతకంటే చిన్నది దూరదు. ఉరుస్, ఆర్‌ఎస్ క్యూ8 లాంటి వాటి సిరామిక్ ముందు బ్రేకు డిస్కే 440 మి.మీ. దాని మీద డిస్కుని పట్టి ఆపే క్యాలిపరు కూడా పట్టాలి కాబట్టి 508 మి.మీ. వ్యాసం ఉండే 20 అంగుళాల రిమ్ముకి చోటు చాలదు. టైరు చుట్టుకొలత, బరువు మోసే సూచిక పాత దానికి సరిపోవాలి. నాలుగూ ఒకేసారి మార్చండి. చుట్టుకొలతల్లో తేడా ఉంటే నాలుగు చక్రాలకీ శక్తి పంచే క్లచ్ వేడెక్కి పాడవుతుంది.

దారిలో టైరు పగిలితే?

చాలావాటికి స్టెప్నీ ఉండదు, నురుగు డబ్బా, చిన్న కంప్రెసరు ఉంటాయి. మేకు దిగితే సరే, గోడ చీలితే ఆ డబ్బా దేనికీ పనికిరాదు. 22 అంగుళాల టైరు జయపురంలోనో గుణుపురంలోనో షాపులో దొరుకుతుందని ఆశించకండి. విశాఖో భువనేశ్వరో పంపించాలి. ఘాటు దారిలో తరచూ తిరిగేవాళ్లు ఒక టైరు ఇంట్లో కొని ఉంచుకోవడం అవసరమే. జాకీ పెట్టే ముందు మెనూలో సస్పెన్షన్ లెవలింగ్ ఆపెయ్యండి, లేకపోతే బండి తనంతట తాను ఎత్తు సర్దుకోబోయి జాకీ మీంచి జారొచ్చు. టైరు లోపల శబ్దం తగ్గించే నురుగు అతికించి ఉంటే పంచరు వేసేవాళ్లకి ముందే చెప్పండి. ఆ చోట నురుగు కోసి ప్యాచ్ వెయ్యాలి.

గనుల లారీల ఎర్ర దుమ్ము సీట్లలో చేరుతోంది. ఏం చెయ్యాలి?

దమంజోడి, లక్ష్మీపూర్ వైపు తిరిగేవాళ్లకి ఇది నిత్యం ఉండేదే. ఆ మట్టి చిల్లుల లెదర్లోకి దిగి సీటు ఫ్యాను దారిని మూసేస్తుంది, గాలి రావడం తగ్గుతుంది. తడిగుడ్డతో మొదట తుడవకండి, బురదై చిల్లుల్లో గట్టిపడుతుంది. మెత్తటి బ్రష్షుతో లేపుతూ వాక్యూమ్ పట్టి, తర్వాతే పిండిన గుడ్డతో తుడవాలి. కింద ఎయిర్ తిత్తుల మడతల్లో చేరిన మట్టినీ వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి మామూలు నీటి ధారతో కడిగించండి. ఎండిన ఇసుక మడతల్లో రుద్దుకుని రబ్బరు చీలుతుంది. ప్రెషర్ గన్‌ని తిత్తికి దగ్గరగా పెట్టనివ్వకండి.

## సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి

ఆరేడేళ్ల పాత బండి ఎయిర్ సస్పెన్షన్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక రాత్రి కావాలి. సాయంత్రం చదును నేల మీద ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన మడ్గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున స్టార్ట్ చెయ్యకుండా, తలుపు కూడా తెరవకుండా మళ్లీ కొలవండి. చలికి నాలుగూ కొద్ది మిల్లీమీటర్లు సమంగా దిగితే పర్వాలేదు. ఒక మూల రెండు సెంటీమీటర్లు దిగితే ఆ తిత్తి లేదా దాని గొట్టం కారుతోంది. ఒకే ఇరుసు రెండు వైపులా దిగితే తిత్తులకి గాలి పంచే వాల్వు దిమ్మెని అనుమానించాలి. సబ్బు నీళ్లు తిత్తి మడతల మీద, గొట్టం కీళ్ల మీద పొయ్యండి, బుడగలు చెబుతాయి.

తర్వాత స్టార్ట్ చేసి కింది మెట్టు నుంచి పై మెట్టుకి ఎత్తండి. కంప్రెసరు చాలాసేపు మోగుతూనే ఉంటే, వేడెక్కి మధ్యలో ఆగిపోతే, అది చిన్న లీకుని పూడ్చడానికి రోజూ పనిచేసి అరిగిపోయింది. చిన్న లీకుని వదిలేస్తే కంప్రెసరు ఖర్చూ దానికి తోడవుతుంది. ఒక తిత్తి వయసు తీరి పోయిందంటే అదే ఇరుసు మీద రెండోదీ ఎక్కువ కాలం ఉండదు, రెండిటికీ ధర తగ్గించమని అడగండి.

ఎయిర్ తీసేసి మామూలు స్ప్రింగులు వేస్తాం, ఖర్చు తగ్గుతుంది అంటున్నారు. వేయించొచ్చా?

వద్దు. డ్యాంపర్ల లెక్కంతా గాలి తిత్తికి తగ్గట్టు రాసి ఉంటుంది. స్ప్రింగు వేశాక హెచ్చరిక దీపాలు వెలుగుతాయి, నిండు బరువుకి వెనక భాగం కూలబడుతుంది, హెడ్‌లైట్లు పైకి చూస్తాయి. ఏ సుఖం కోసం ఆ బండి కొన్నారో అది పోతుంది.

సీట్లు పాతబడ్డాయా అని ఎలా చూడాలి?

డ్రైవరు సీటు బయటి పక్క దిమ్మెని పిండండి, లోపలి దిమ్మెనీ పిండండి. ఎక్కి దిగేటప్పుడు రోజూ నలిగేది బయటిదే. అది మెత్తబడి లోపలిది గట్టిగా ఉంటే నురుగు విరిగింది. లెదర్ మీద రంగు వేసి కొత్తగా చూపించొచ్చు, నురుగుని అలా దాచలేరు. అన్ని మోటార్లూ చివరిదాకా నడిపి, నడుము ఆసరా ఉబ్బించి ఐదు నిమిషాలు ఆగండి. మెల్లగా దిగిపోతే లోపలి గాలి సంచి కారుతోంది. సీటు ఫ్యాను పూర్తిగా పెట్టి, సీటు మీద పలచటి కాగితం పరిచి చూడండి. కాగితం లేవడమో, సీటుకి అతుక్కోవడమో జరగాలి. ఏదీ జరగకపోతే ఫ్యాను పాడైంది, లేదా దారి దుమ్ముతో మూసుకుపోయింది.